అన్నయ్య మగ్గబెట్టిన కాయలు

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో మామిడికాయల గంప ఎక్కించారు. ఎండుగడ్డి వాసనా, కాయల సొన వాసనా కలిసి గుప్పుమన్నాయి. నా అంతస్తు వచ్చినా దిగడం మరిచిపోయాను.

డెబ్బైల చివర్లో, నాకు పెళ్ళైన కొత్తలో, మాది పోర్టు క్వార్టర్స్‌లో రెండు గదుల ఇల్లు. మా అన్నయ్యది పద్మనాభం అనే ఊరి దగ్గర పల్లె. ఆ ఏడాది ఎడ్లను అమ్మేసి, వద్దన్నవాళ్ళందరితో పోట్లాడి, ఒక సువర్ణరేఖ మామిడితోట గుత్తకు తీసుకున్నాడు. కాయ ఇంకా ముదరకముందే ఈదురుగాలి కొట్టి తోటంతా నేల రాల్చేసింది. చుట్టుపక్కల తోటల కాయంతా ఒకేసారి సంతలో పడటంతో పచ్చికాయ అడిగే దిక్కు లేకపోయింది. ఊళ్ళో వాళ్ళ ఇంటి కప్పు కూడా ఆ గాలికే లేచిపోయింది. దాంతో అన్నయ్యా వదినా కాయలన్నీ లారీకెత్తించి మా ఇంటికి వచ్చేశారు.

గుమ్మంలో గుట్ట చూసి మా ఆయన, "ఏటి బావా ఇది!" అన్నారు.

"నీ ఇంట్లో పండబెట్టుకుంటాను బావా. నాకింక వేరే సోటు లేదు," అన్నాడు అన్నయ్య. ఆ గొంతు విన్నాక మా ఆయన మంచం ఎత్తి బయట వేశారు.

గదుల నిండా గడ్డి, గడ్డిలో కాయలు, పైన గోనెసంచులు. మేం వంటింట్లో ముడుచుకుని పడుకునేవాళ్ళం. మా ఆయన జుట్టులో గడ్డిపరకలు చూసి, గేదెను కొన్నావా అని ఆఫీసులో అడిగారట. మేం నవ్వింది ఆ ఒక్కసారే. అన్నయ్య తిండి మానేసి, పొద్దస్తమానం గోనెలు ఎత్తడం, కాయ నొక్కడం, వాసన చూడటం, మళ్ళీ కప్పడం. దెబ్బ తగిలినచోటల్లా కాయలు నల్లబడి నీరుకారాయి. లేతవి పండకుండానే ముడతలు పడ్డాయి. కుళ్ళినవి ఏరి ఎన్ని గంపలు పారబోసినా వాటి కింద మళ్ళీ కుళ్ళినవే.

చివరికి ఒకరోజు వెల్డింగ్ షాపు నుంచి, కాయల్ని త్వరగా రంగు తిప్పే కార్బైడ్ రాళ్ళు పొట్లం కట్టించుకొచ్చాడు. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది పెట్టొద్దు. పిల్లలు తినే పండు."

"రంగొత్తే సాలే! ఇవి పండకపోతే నాను ఊరికెల్లి ఏటి సెప్పాలి?"

"పోయిందని సెప్పు."

అన్నయ్య పొట్లం తిరిగి ఇచ్చేసి వచ్చి, గడ్డిలో కూర్చుని, పెద్దగా ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను పక్కన కూర్చుని కాయలు ఏరుతూ ఉండిపోయాను.

ఇంటినిండా పోసినవాటిలో పండినవి కొన్ని గంపలే. వాటిని వదిన నెత్తిన పెట్టుకుని, ఎన్నడూ బజారులో కూర్చోని మనిషి, పోర్టు గేటు దగ్గర కూర్చుని అమ్మింది. కాసేపటికి అన్నయ్య కూడా తలకు తుండు చుట్టుకుని వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాడట. ఆ నెలలోనే అదే గేటులోంచి కూలిపనికి లోపలికి వెళ్ళాడు. మళ్ళీ ఏ తోటా గుత్తకు తీసుకోలేదు. మేం ఎంత బతిమాలినా మామిడిపండు నోట పెట్టలేదు.

గాలి ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే తన బతుకు ఎలా ఉండేదోనని అన్నయ్య ఎప్పుడూ పైకి అనలేదు. ఆ మాట నేనే ఒకసారి అడుగుదామని అనుకుంటూండగానే, ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం.