ఎవరికీ ఇవ్వని టోకెన్

2006 జూన్‌లో ముంబయిలోని మా ప్రధాన కార్యాలయం నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. విశాఖపట్నం శాఖలోని ల్యాప్‌టాప్‌లన్నింటిలో వీపీఎన్ పెట్టి, దసరా నాటికి అందరి చేతా వాడించాలని దాని సారాంశం. నేనప్పుడు ఓడరేవు దగ్గరున్న ఒక ఓడల ఏజెన్సీలో సిస్టమ్స్ మేనేజర్‌ని. హోదా పేరుకు పెద్దదే కాని, ఆ విభాగం మొత్తానికి మేనేజర్‌నీ నేనే, మనిషినీ నేనే.

ఓడల ఏజెన్సీ అంటే ఏమిటని ఇప్పటికీ చుట్టాలు అడుగుతారు. ఓడ యజమాని ఏ దేశంలోనో ఉంటాడు. అతని తరఫున రేవులో ఓడ నిలపడానికి బెర్తు అడగడం దగ్గర్నుంచి ఓడలో వంటకు ఉల్లిపాయలు పంపడం దాకా చూసేది ఏజెంటు. ఓడ లంగరు వేయగానే లాంచీలో వెళ్ళి, నిచ్చెన ఎక్కి, కెప్టెన్ దగ్గర కాగితాలు తీసుకొచ్చే మనిషిని బోర్డింగ్ క్లర్కు అంటారు. ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి లంగరు వేసింది, బొగ్గు దించడం ఎప్పుడు మొదలైంది అన్న గంటల పట్టీ అతనే తయారుచేస్తాడు. అంతకుముందు ఆ పట్టీ కాగితం మీద రాసుకుని ఒడ్డుకొచ్చి, ఆఫీసులో టైపు చేస్తే గాని ముంబయికి చేరేది కాదు. వీపీఎన్ వస్తే జెట్టీ మీద నుంచే పంపవచ్చు.

శిక్షణ తరగతి పెట్టాను. మామూలు ఇంటర్నెట్ ద్వారానే మన ఆఫీసు సర్వర్‌లోకి వస్తామని, దారిలో ఎవరు చూసినా అర్థం కాకుండా ఆ సమాచారం గూఢలిపిలో ప్రయాణిస్తుందని, దాన్ని మా వృత్తిలో సొరంగం అంటారని చెప్పాను. వెనక వరసలోంచి బోర్డింగ్ క్లర్కు అప్పలరాజు చెయ్యెత్తాడు.

"సొరంగం అంటన్నారు, మరి అటేపు తలుపు ఎవులు తీత్తారు బాబూ?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు అడిగిన ప్రశ్నల్లో సరైనది అదొక్కటే. తలుపు తీసేది టోకెన్. బొటనవేలంత ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద చిన్న తెర, తెర మీద నిమిషానికోసారి మారే ఆరంకెలు. ఉద్యోగి తన పేరు, తనకు మాత్రమే తెలిసిన నాలుగంకెల పిన్ను, ఆ నిమిషంలో బిళ్ళ మీదున్న ఆరంకెలు కలిపి కొడితే సర్వర్ లోపలికి రానిస్తుంది. ఏ బిళ్ళ ఎవరిదో సర్వర్‌కు తెలుసు. మనిషి కంటికి మాత్రం అన్నీ ఒకటే. వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో వరస సంఖ్య ఉంటుంది, అంతే తేడా.

ఆ నాలుగు నెలల్లో నేను పడ్డ పాట్లు చెప్తే వేరే పుస్తకం అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం అరగంట పని. దాంట్లో సర్వర్ చిరునామా, గ్రూపు పేరు ఉన్న ఫైలు చేర్చడం ఐదు నిమిషాలు. ఆ తర్వాతే తలప్రాణం తోకకొచ్చేది. కూర్మన్నపాలెంలో నా ఇంటి మోడెం నుంచి చక్కగా కలిసే కనెక్షన్, సబ్బవరంలో మా అకౌంటెంటు ఇంట్లో కలిసినట్టే కలిసి, ఒక్క ఫైలు కూడా కదిలేది కాదు. సెట్టింగుల్లో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలని తెలుసుకోవడానికి మూడు ఆదివారాలు ఆయన ఇంట్లో భోజనం చేశాను.

అందరికంటే ముందు నేర్చుకున్నవాడు అప్పలరాజు. జాలరిపేట మనిషి. వాళ్ళ నాన్న, అన్నలు అప్పటికీ వేటకు వెళ్ళేవారు. ఇతను పదో తరగతి పూర్తిచేసి మా లాంచీలో తాడు పట్టేవాడిగా చేరి, ఆరేళ్ళలో బోర్డింగ్ క్లర్కు అయ్యాడు. అప్పటికింకా కాంట్రాక్టు ఉద్యోగమే. జనవరిలో పర్మనెంటు చేస్తామని మాట ఇచ్చారు. ల్యాప్‌టాప్‌ను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తీసుకెళ్ళేవాడు. టోకెన్‌ను తాళంచెవులకు తగిలించకుండా, ఉప్పునీరు తగలకూడదని విడిగా చిన్న కవర్లో పెట్టుకునేవాడు.

అమలులో భాగంగా నేను రెండు సర్క్యులర్లు పంపాను. ఒకటి: టోకెన్ మీద ఎవరూ పేరు రాయకూడదు, చీటీ అంటించకూడదు. పోతే దొరికినవాడికి అది ఎవరిదో తెలియకూడదు కదా. రెండోది దసరాకు ముందు పంపినది: ఆయుధపూజలో ల్యాప్‌టాప్‌లు పెట్టవద్దు. అంతకుముందు ఏడాది అక్షింతలు ఒక కీబోర్డులోకి పోయి, నేను పట్టకారుతో ఒక్కో గింజా తీశాను. రెండు సర్క్యులర్లూ చక్కగా ఉన్నాయని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

సెలవులకు ముందురోజు ఆఫీసులో పూజ జరిగింది. మాది క్రైస్తవ కుటుంబం. పూజ జరిగేటప్పుడు నేను నా గదిలో ఉండి, అయ్యాక వచ్చి పులిహోర తినడం ఏళ్ళ తరబడి అలవాటు. ఆ ఏడూ తిన్నాను. బాగుంది.

సెలవులైన మర్నాడు మా బ్రాంచి మేనేజరు గారు హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. వీపీఎన్ మూడుసార్లు తిరస్కరించి, ఆయన ఖాతాకు తాళం పడింది. టోకెన్ గడియారం నిమిషమో రెండు నిమిషాలో తప్పితే అలా అవుతుంది, సర్వర్‌లో సరిచేయవచ్చు. సరిచేయబోయాను, కుదరలేదు. గంట తర్వాత జెట్టీ నుంచి అప్పలరాజు ఫోను, అతనిదీ అదే కథ. మిగతావాళ్ళందరికీ పనిచేస్తోంది. ఇద్దరికే ఎందుకు?

నేను ఆలోచిస్తూ ఉండగానే ముంబయి భద్రతాధికారి రంగంలోకి దిగాడు. ఇద్దరినీ టోకెన్ వెనక వరస సంఖ్య చదవమన్నాడు. మేనేజరు గారి టోకెన్ అప్పలరాజు కవర్లో ఉంది. అప్పలరాజుది మేనేజరు గారి చొక్కా జేబులో ఉంది.

మామూలు రోజుల్లో అయితే మార్చుకోండని చెప్పి వదిలేసేవారేమో. కాని ఆ వారమే మాకు రావలసిన ఒక బొగ్గు ఓడ పని వేరే ఏజెన్సీకి పోయింది. మా రేటు ముందే బయటకు పొక్కిందని ముంబయిలో అనుమానం. ఆ రేటు కాగితం ఉన్నది మేనేజరు గారి ఫోల్డర్‌లో. ఇంకేముంది, లెక్క కుదిరింది వాళ్ళకి. పిన్ను లేకుండా టోకెన్ ఒక్కటే ఎందుకూ పనికిరాదని నేను వాదించాను. పక్కన నిలబడితే పిన్ను కనబడదా అని ఎదురడిగారు.

ఇద్దరికీ ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. టోకెన్‌ను ఏ వ్యక్తికైనా ఇచ్చారా? ఎక్కడైనా మరచిపోయారా? ఎవరైనా అడిగి తీసుకున్నారా? ఇద్దరూ మూడింటికీ లేదని రాసి సంతకం చేశారు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పి ఉండాలి. మేనేజరు గారు చెప్పరని ముంబయి నిర్ణయం. అప్పలరాజు పోర్టు ప్రవేశపు పాసు తీసేసుకున్నారు. పాసు లేకపోతే బోర్డింగ్ క్లర్కు గేటు కూడా దాటలేడు. వారం లోపల సాంకేతిక నివేదిక పంపమని నాకు ఆదేశం. ఆ నివేదిక మీదే అతని ఉద్యోగం తేలుతుంది.

అప్పలరాజు రోజూ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఆఫీసు బయట బల్ల మీద సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఇంటికి వెళ్ళవయ్యా, కబురు పంపిస్తానన్నాను.

"ఇంటికాడుంటే పనికెల్లనేదేటని అడుగుతారు బాబూ. ఏటని సెప్పను? నాను దొంగనని ఇంకా ఎవులికీ తెల్దు."

నాకు అతని మీద జాలి కలిగిందంటే నిజమే. కాని నన్ను నిద్రపోనివ్వనిది వేరు. దొంగిలించినవాడు ఆ టోకెన్‌తో మేనేజరు గారి పేరు కొట్టాలి గాని, తన సొంత పేరు ఎందుకు కొడతాడు? జెట్టీ మీద నిలబడి మూడుసార్లు కొట్టి, కలవడం లేదని నాకే ఎందుకు ఫోన్ చేస్తాడు?

సర్వర్ చిట్టా ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి కనెక్షనూ గంట, నిమిషంతో సహా అందులో ఉంటుంది. పూజకు ముందురోజు సాయంత్రం అప్పలరాజు తన టోకెన్‌తో సరిగ్గానే లోపలికి వచ్చాడు. పూజ రోజు ఉదయం మేనేజరు గారు కూడా సరిగ్గానే వచ్చారు. ఆ తర్వాత సెలవుల్లో ఇద్దరూ కనెక్టు కాలేదు, మాకు ఓడలూ లేవు. మేనేజరు గారు పూజ అయిన రాత్రే రైలెక్కారు. అంటే ఈ మార్పు జరిగింది పూజ రోజు ఉదయానికీ సాయంత్రానికీ మధ్య, ఆఫీసులోనే. అంతవరకు తేలింది. ఎలాగన్నది తేలలేదు.

అప్పలరాజు దగ్గర స్వాధీనం చేసుకున్న టోకెన్ నా సొరుగులోనే ఉంది. నివేదికలో వరస సంఖ్య రాయాలి కదా అని భూతద్దం పెట్టి చూశాను. రెండు అంకెల మీదుగా, ప్లాస్టిక్ అతుకు లోపల ఏదో పసుపురంగు మరక. ఉప్పుగాలికి పట్టిన తుప్పు అనుకున్నాను. ఓడరేవులో పనిచేసేవాడికి ఏ మరక చూసినా తుప్పే అనిపిస్తుంది. కాసేపటికి తట్టింది, ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు.

అప్పలరాజును లోపలికి పిలిచి చూపించాను. అతను భూతద్దం కూడా అడగలేదు.

"తుప్పేటి బాబూ, పసుపు గదా అది. దసరా పూజలో ఎట్టినాం."

నేను కుర్చీలోంచి లేచాను. "మరి ఎవరికీ ఇవ్వలేదని రాసి సంతకం పెట్టావే!"

"ఎవులికీ ఇవ్వనేదు. అమ్మోరి కాడ ఎట్టినాను," అన్నాడు. నా మొహం చూసి అతనికే అయోమయం వేసింది. "అమ్మోరి కాడ ఎడితే ఒకలికి ఇచ్చినట్టేటి?"

పూజ ఏర్పాట్లు ఏటా చూసేది డాక్యుమెంట్ల విభాగంలోని సత్యవతి గారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆమె దాచింది ఏమీ లేదు, ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

"ల్యాప్‌టాప్‌లు పెట్టొద్దని మీరే కాయితం పంపారు కదండీ. పనిముట్టు లేకుండా ఆయుధపూజేటి? అందుకని వాటి బదులు ఈ బిళ్ళలు పెట్టమన్నాను. ఇత్తడి పళ్ళెంలో పేర్చి పసుపూ కుంకుమా పెట్టాం. హారతయ్యాక ఎవరివి వాళ్ళకి నేనే ఇచ్చాను."

ఎవరిది ఏదో ఎలా తెలిసిందని అడిగాను. మిగతా అందరివీ తాళాల గుత్తులకు ఉన్నాయట, ఆ గుత్తులు ఆమెకు రోజూ కనబడేవే. బోడిగా ఉన్నవి రెండే. వరస సంఖ్య చూద్దామన్నా దాని మీద పసుపు ఉంది. ఒకటి మేనేజరు గారికి, ఒకటి అప్పలరాజుకి ఇచ్చేశారు. ఇద్దరూ కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నారు.

మేనేజరు గారికి ఫోన్ చేసి, మీ దగ్గరున్న టోకెన్ అతుకులో ఏమైనా రంగు ఉందా అని అడిగాను. ఆయన దాన్ని జేబులోంచి తీసి చూసుకున్నారు. తర్వాత, "కుంకుమ ఉందయ్యా," అన్నారు. ఆయన కూడా అబద్ధం రాయలేదు. పూజలో పెట్టినదాన్ని ఇవ్వడం అనీ, వదిలేయడం అనీ ఆయనా అనుకోలేదు. ప్రశ్నాపత్రం తయారుచేసినవాడికి పూజ సంగతి తెలియదు. జవాబులు రాసినవాళ్ళకు అది చెప్పుకోవలసిన సంగతని తోచలేదు. తెలిసుండాల్సింది నాకు. పక్క గదిలో కూర్చుని పులిహోర కోసం ఎదురుచూసింది నేనే.

నివేదిక ఒకటిన్నర పేజీ రాశాను. చిట్టాలోని సమయాలు, మరకల ఫోటోలు, సత్యవతి గారి వాంగ్మూలం జతచేశాను. కారణాలు అన్న శీర్షిక కింద నా సర్క్యులర్లు రెండింటినీ తేదీలతో సహా పెట్టాను. పేర్లు రాయవద్దన్నది నేను, ల్యాప్‌టాప్‌లు పెట్టవద్దన్నదీ నేను. ఆ రెండూ లేకపోతే ఈ రెండు బిళ్ళలు తారుమారయ్యేవి కావు. ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశానని ఒప్పుకుంటాను. నా సర్వీసు రిజిస్టరులో ఒక హెచ్చరిక పడింది. పడవలసిందే.

నివేదిక పంపిన నాలుగో రోజున అప్పలరాజుకు పాసు తిరిగి ఇచ్చారు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, నేను చెప్పాను. దానికతను ఇబ్బందిపడి వేరే మాట ఎత్తాడు. ఓడ రేటు ఎలా పొక్కిందన్నది నేను పనిచేసినంతకాలం తేలలేదు.

ఆ మర్నాడు, మేనేజరు గారు హైదరాబాదు నుంచి తెచ్చిన అతని టోకెన్ అప్పగిస్తూ, ఈసారి తాళాల గుత్తికి తగిలించుకొమ్మన్నాను. అతను తల అడ్డంగా ఊపి, జేబులోంచి నీలం వలతాడు ముక్క తీశాడు. బిళ్ళ కన్నంలోంచి దూర్చి, పళ్ళతో బిగించి, మూడు ముడులు వేశాడు. వాళ్ళ పేటలో వలలు తేలడానికి కట్టే బెండ్లన్నీ ఒకేలా ఉంటాయి. అయినా ఒడ్డున పదిమంది వలలు కలిసిపోతే, ఎవరి బెండు వాళ్ళు దాని ముడిని చీకట్లో తడిమి కూడా చెప్తారట.

"పేరు రాయొద్దన్నారు గదా మీరు. ఇది పేరు కాదు. ఈ ముడి మా ఇంటిదని నాకు తెలుత్తాది, దొరికినోడికి తెల్దు."

నాలుగు నెలలు కూర్చుని నేను రాసిన భద్రతా నియమాల్లో లేనిది అదే. సొంతదారుకు తెలియాలి, పరాయివాడికి తెలియకూడదు. మర్నాడే మూడో సర్క్యులర్ పంపాను: ప్రతి ఒక్కరూ తమ టోకెన్‌కు తమకే తెలిసిన గుర్తు ఒకటి కట్టుకోవాలి. ముంబయి వాళ్ళు దాన్ని మిగతా రేవులకు కూడా పంపారు, ఆలోచన నాదే అనుకుని. కాదని ఉత్తరం రాశాను.

ప్రశ్నాపత్రం కూడా మార్చాం. ఎవరికైనా ఇచ్చారా అన్న ప్రశ్న తీసేశాం. గత వారం రోజుల్లో మీ టోకెన్ ఎక్కడెక్కడ ఉంది అని పెట్టాం. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ ఉద్యోగంలో ఉన్నాను. ఏ యంత్రం మొరాయించినా, ఎవరు ఏం చేశారని మొదట అడగలేదు. నిన్న ఇది ఎక్కడుందని అడిగేవాణ్ణి.

అప్పలరాజు జనవరిలో పర్మనెంటు అయ్యాడు. మరుసటి దసరాకు టోకెన్లు మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళాయి. ఆ ఏడాది నేను గదిలో కూర్చోలేదు. జాబితా పట్టుకుని పళ్ళెం పక్కన నిలబడి, హారతి అయ్యాక ఒక్కోటీ పసుపు తుడిచి, వరస సంఖ్య చూసి ఎవరిది వాళ్ళకు నేనే ఇచ్చాను. నీలం ముడి ఉన్నదానికి జాబితా చూడలేదు.