అప్పలరాజు తిథి

మల్కాపురంలో ఆ వీధివాళ్ళు గురునాథరావును అడగకుండా కొత్త బండికి నిమ్మకాయలు కూడా తొక్కించరు. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పంచాంగం చూడటం మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. వర్జ్యం, రాహుకాలం వేళ్ళ మీద లెక్కేసి చెప్పేస్తాడు. పంచాంగం అచ్చువేసిన ఊరికన్నా విశాఖలో పొద్దు కొన్ని నిమిషాలు ముందే పొడుస్తుందని, ఆ నిమిషాలు కూడా సవరించి మరీ చెప్తాడు. తన లెక్క తప్పదని ఆయనకు కాస్త పొగరు. మరి నిజంగానే తప్పేది కాదు.

పక్కింటి సన్యాసమ్మ ఆయనకు వరసకు అప్ప, అంటే అక్క. ఆమె భర్త అప్పలరాజు ఆయనతోపాటే పోర్టులో పనిచేశాడు. పదకొండేళ్ళ కిందట ఆస్పత్రిలో పోయాడు. తద్దినం ఎప్పుడు పెట్టాలో ఆమె గురునాథరావునే అడిగింది. ఆయన ఆ రోజు పేజీ తీసి, మాఘ బహుళ అష్టమి అని చెప్పాడు. అప్పట్నుంచి ఆమె ఏటా అష్టమికే వండి విస్తరి వేస్తోంది.

ఈ ఏడు ఆమె కూతురు రోజారమణి ఏదో దరఖాస్తు కోసం ఆస్పత్రి కాగితం బయటికి తీసి, తండ్రి పేరు సరిగ్గా ఉందో లేదో చూడమని గురునాథరావుకు తెచ్చి చూపించింది. పేరు సరిగ్గానే ఉంది. దాని కింద చనిపోయిన సమయం ఉంది. సాయంత్రం నాలుగూ పది.

ఆ పిల్ల వెళ్ళాక ఆయన పాత పంచాంగం దించాడు. ఆ రోజు అష్టమి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే అయిపోయింది. రోజుకు పేరు పెట్టడానికైతే సూర్యోదయానికి ఉన్న తిథే లెక్క. తద్దినానికి అలా కాదు, ప్రాణం పోయిన గడియలో ఏ తిథి ఉంటే అదే. అంటే అప్పలరాజు పోయింది నవమిలో. ఎన్నింటికి పోయాడని ఆనాడు ఆయన అడగనేలేదు. నిమిషాలు సవరించే మనిషి నిండు రోజు తప్పాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తద్దినం ఇంకా వారం ఉంది. రెండు రోజులు మాట నోట్లోనే నానబెట్టి, మూడోనాడు సిగ్గు చంపుకుని వెళ్ళాడు.

"అప్పా, నాను తప్పు సెప్పాను. బావది అష్టమి కాదు, నవమి."

సన్యాసమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది.

"అయితే ఇన్నేళ్ళూ మీ బావ తిన్లేదేటి, తమ్ముడూ?"

గురునాథరావు తల దించుకున్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నవమికీ తద్దినం ఎడతాను, అష్టమికీ ఎడతాను."

"రెండెందుకప్పా? నవమొక్కటీ సాలు."

"సాలదు. పదకొండేళ్ళు అష్టమికే పిలిసి అలవాటు సేసీసినాం. ఆవేళొచ్చి, పొయ్యి ఎలగకపోతే, నాను మర్సిపోనాననుకోడేటి?"

గురునాథరావు రెండు తేదీలూ చూసి చెప్పాడు.