ఒంట్లో హార్మోని పెట్టె

గల్ఫ్ యుద్ధం ఆగిన ఏడాది సౌదీలోని ఖోబర్‌లో సముద్రపు గాలి సగం నిద్రలో ఉన్నట్టు వీచేది. సైరన్లు మూగబోయాయి. మా గదిలో ఉండే జగిత్యాల తాపీమేస్త్రికి మాత్రం వణుకు తగ్గలేదు. లారీ హారన్ వినపడితే చాలు, చేతిలో తాపీ జారిపోయేది. పరంజా మీద వణికే చేతులు తనకొద్దన్నాడు ఫోర్‌మన్. నెలలో నయం కాకపోతే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపిస్తానన్నాడు.

క్లినిక్‌కు నేను తోడు వెళ్లాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రక్తం తీశారు. ఫలితాలు వచ్చాక హైదరాబాదీ డాక్టరు ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఉంటుంది. తెల్లవారేటప్పుడు పెరిగి మనిషిని లేపుతుంది, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. ఆపద వస్తే మళ్లీ లేచి, తట్టుకునే సత్తువ ఇస్తుంది. ఇతనికి సాయంత్రమైనా అది దిగడం లేదు.

బయటికి రాగానే మేస్త్రి ఆగాడు.

"ఏమంటున్నడే అన్నా? నా ఒంట్ల హార్మోని పెట్టె ఉన్నదా?"

"పెట్టె కాదయ్యా, హార్మోను. రక్తంలో ఉంటుంది."

"గదేనే. మా నాయిన భాగోతంల వాయించెటోడు. ఒక్కోపారి మెట్టు ఇరుక్కుంటే వేలు తీసినా మోగుతనే ఉంటుండె. నాయిన దాన్ని గుద్దకపోతుండె. తిత్తి ఆపి, గాలి పొయ్యేదాంక ఊకె కూసుంటుండె."

నేను దిద్దలేదు. ఆ రోజు నుంచి పని దిగాక ఒడ్డున కూర్చునేవాడు. నీళ్లు రాళ్లను తాకి వెనక్కి వెళ్లేవి, అతని ఊపిరి వాటితోపాటే వెళ్లొచ్చేది. ఏం చేస్తున్నావంటే "గాలి ఇడుస్తున్న" అనేవాడు. పక్కన కూర్చున్న నాకు ఎక్కడో ఒక సన్నని స్వరం అణగిపోతున్నట్టు అనిపించేది.

నెల గడువు ముగిసే రోజు మధ్యాహ్నం అతను పరంజా మీద ఉన్నాడు. ఫోర్‌మన్, నేను కింద నిలబడి చూస్తున్నాం. పక్క ఫ్యాక్టరీలో అగ్నిప్రమాద డ్రిల్లు సైరన్ లేచింది. మేస్త్రి తాపీ ఇటుక మీద ఆగింది. ఒక ఊపిరి తర్వాత సిమెంటును అంచుదాకా నున్నగా లాగింది.

ఫోర్‌మన్ తల ఊపి తన గదివైపు నడిచాడు.

"ఏందన్నా," పైనుంచి మేస్త్రి నవ్వాడు, "నీ పెట్టెల మెట్టు ఇరికిందా?"

చూసుకున్నాను. నా చేతిలో చాయ్ సగం ఒలికిపోయి ఉంది.