అర పాయింటు అనుమానం

ఆ రోజుల్లో మా వైపు ‘గేమ్’ అన్న మాటకి ఒకటే అర్థం, పేకాట. ఆ సంగతి తెలిసి కూడా నేను గేమ్ థియరీ చదివి, కంప్యూటరు చేత ‘గో’ ఆడించే పరిశోధనలో చేరాను. కాలేజీ రాజమండ్రిలో. మకాం వంతెన ఇవతల కొవ్వూరులో, పిన్ని ఇంట్లో. బాబాయిది కిరాణా వ్యాపారం. వర్షం పడితే ఎందుకు పడిందా అని అనుమానించే మనిషి. నేనూ తక్కువ తినలేదు. ఎదుటివాడు మనకి బాగా నష్టం చేసే ఎత్తే వేస్తాడనుకోవాలన్నది గేమ్ థియరీలో మొదటి పాఠం. అది నాకెంత వంటబట్టిందంటే, పిన్ని అడక్కుండా రెండో పెసరట్టు వేసినా ఎందుకు వేసిందా అని చూసేదాన్ని.

ఒకరోజు వరండాలో నిలబడి, నాతోపాటు పనిచేసే అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. “ఆ మూల ఉన్నవి ఎలాగూ చచ్చాయి, వదిలెయ్. మధ్యలో ఉన్నవాటిని చంపేస్తే గేమ్ మనదే.” (గళ్ళ పలక మీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టి ఆడే ఆట గో. చుట్టుముట్టిన రాళ్ళు చచ్చినట్టు లెక్క.) వెనకాలే బాబాయి.

“ఏంటమ్మా ఆ ఆట?”

“జీరో సమ్ గేమ్ బాబాయ్. ఒకళ్ళకి ఎంత వస్తే రెండోవాళ్ళకి అంత పోతుంది.”

“మరి పేకాట అంటే ఏంటమ్మా?”

అక్కడితో ఊరుకోవలసింది. “ప్రతిసారీ అన్నిటికన్నా మంచి ఎత్తు ఒకటి ఉంటుందని థియరీ చెప్తుంది బాబాయ్, అదేదో మాత్రం చెప్పదు,” అన్నాను. “ఓడిపోయినవాళ్ళందరూ అదే అంటారు,” అని బాబాయి పాలకొల్లులో ఉన్న నాన్నకి ఫోన్ చేశారు. “ఆదివారం వస్తున్నా. పేకాటే అయితే సామాను సర్దుకో, చదువూ వద్దు ఏమీ వద్దు,” అన్నారు నాన్న.

ఆదివారం లాప్‌టాప్‌కి అటు నాన్న, ఇటు బాబాయి. నల్లరాళ్ళు తీసుకుని నా ప్రోగ్రాముతో నేనే ఆడాను. ఆట మధ్యలో లెక్కలేనన్ని ఎత్తులు, అక్కడ థియరీ చేతులెత్తేస్తుంది. చివర్లో పలక చిన్న చిన్న ముక్కలుగా విడిపోయాక మాత్రం, ఏ ముక్క విలువెంతో, ముందు దేంట్లో ఆడాలో అది చెప్పగలదు. నేను రాసింది ఆ భాగమే. అంతవరకూ ఒక్కసారీ సరిగ్గా పనిచెయ్యలేదు. ఆ రోజు పనిచేసి, నన్ను అర పాయింటుతో ఓడించింది.

“అర ఎక్కడిదమ్మా? రాయి పగలగొట్టారా?” అన్నారు బాబాయి.

“ముందు ఆడే నల్లకి లాభం కదా బాబాయ్! అందుకని తెల్లకి ముందే కొన్ని పాయింట్లు కలుపుతారు. ఇద్దరికీ సమానంగా రాకుండా ఆ అర.”

“అంటే పాసంగం!” (తక్కెడ సరిగ్గా లేకపోతే తేలిక వైపు కట్టే బరువుని అలా అంటారు.) “పాసంగం కట్టిన తక్కెడని నేను నమ్మనమ్మా.”

నేను వినే స్థితిలో లేను. “ఓడించేసింది పిన్నీ! నన్ను ఓడించేసింది!” అని పిన్నిని పట్టుకుని గంతులేస్తున్నాను.

నాన్న నా గంతులు చూశారు. “ఇది పేకాట కాదు. ఓడిపోయి ఇలా గంతులేసేవాళ్ళని క్లబ్బులో ఒక్కళ్ళని కూడా చూళ్ళేదు. చదువుకోనివ్వండి,” అన్నారు.

బాబాయి చూపు లాప్‌టాప్ మీంచి నెమ్మదిగా నాన్న మీదకి జరిగింది.

“క్లబ్బులో ఎవరెలా ఉంటారో మీకెలా తెలుసండీ, అన్నయ్య గారూ?”

బస్సు టైమైందంటూ నాన్న చెప్పులు వేసుకున్నారు.

ఇప్పుడు యంత్రాలు వాటిలో అవే ఆడుకుని గో నేర్చేసుకుంటున్నాయి. నేనేమో ఎదుటివాడి ప్రతి ఎత్తునీ అనుమానించమని పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను. బాబాయి అడిగిన ఆ ప్రశ్న మాత్రం నేను నాన్నని ఇంతవరకూ అడగలేదు. ఆయన ఆ జ్ఞానం ఎక్కడ సంపాదించారో గానీ, నా చదువుని నిలబెట్టింది అదే.