నలభై సెకన్ల కొంగ

హాజరు పట్టీలో ఆమెకు వేరే పేరు ఉండేది. అది అక్కడే ఉండిపోయింది. ఆ పంపింగ్ స్టేషన్‌లో గేటు దగ్గరి కాపలా మనిషి నుంచి ఇంజనీరు దాకా అందరికీ ఆమె బొమ్మలక్క. కింద కంట్రోల్ రూమ్‌లో గోడంత తెర ఒకటి ఉంది. దాని మీద ఏ అంకె ఎక్కడ కూర్చోవాలో, ఏ గీత ఏ రంగులో పాకాలో, ఏ మూల ఏ బొమ్మ కదలాలో నిర్ణయించేది ఆమే. మిగతావాళ్లు దాన్ని డాష్‌బోర్డు అనేవాళ్లు. ఆమె మాత్రం గోడ అనేది. "గోడకి కాస్త పనుంది" అని చెప్పి పై అంతస్తులోని తన చిన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది.

ఆ గది కిటికీలోంచి నీళ్లు కనపడవు. చప్పుడు మాత్రం వినపడుతుంది, రోజంతా పక్కింట్లో ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు.

ఆమె తండ్రి కూడా అక్కడే పనిచేశాడు. నదిలోంచి స్టేషన్‌కి వచ్చే కాలవలో ఒక కొలతరాయి ఉంది, ఒంటి నిండా తెల్లటి అడ్డగీతలతో. రోజుకు మూడుసార్లు వెళ్లి నీళ్లు ఏ గీతను తాకుతున్నాయో చూసి రావడం ఆయన పని. ఆయన చెపుతుంటే ఆమె పుస్తకంలో రాసేది. అక్షరాల కంటే ముందు అంకెలు వచ్చిన పిల్ల. ఒకసారి ఆయన జ్వరంతో మంచమెక్కాడు. నీళ్లెక్కడికి పోతాయిలే అనుకుని ఆమె నిన్నటి అంకెనే ఇవాళ్టి గడిలో రాసేసింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఒంటి మీద దుప్పటితోనే ఆమె మణికట్టు పట్టుకుని గట్టు దాకా నడిపించుకెళ్లాడు. కాలిపోతున్న వేలితో రాయిని చూపించి, "నిన్నటి నీళ్లు ఇవాళ ఉండవమ్మా" అన్నాడు. అంతే. ఆ వేలి వేడి ఆమె మణికట్టు మీద చాలా ఏళ్లు ఉంది.

తల్లి పోయేనాటికి ఆమెకు పన్నెండేళ్లు, తమ్ముడికి రెండు. చంక దించకుండా పెంచింది వాణ్ణి. వాడు పెరిగి, తలుపు తగిలేంత పొడుగై, చివరికి అదే స్టేషన్‌లో ఊచల పనికి కుదిరాడు. కాలవ పంపుల బావిలోకి మలుపు తిరిగే చోట నిలువునా ఇనప ఊచలు ఉంటాయి. కొట్టుకొచ్చే నాచూ, గుడ్డపేలికలూ, కొమ్మలూ వాటికి చిక్కుకుంటాయి. గురువారం గురువారం ఒక గంట పంపులు ఆపినప్పుడు, నీళ్లు మోకాలి లోతే ఉంటే తమ్ముడు మెట్లు దిగి వెళ్లి, పొడవాటి చెక్క కర్రకి ఇనప పళ్లున్న దంతెతో ఆ చెత్తంతా లాగేస్తాడు. పైన వాన పడితే మాత్రం ఆ కాలవ మోకాలి నుంచి మనిషి లోతుకి రావడానికి పావుగంట చాలు.

అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కంట్రోల్ రూమ్‌లో కూర్చునే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, గోడ మీద కాలవను చూసి ఫోన్లో సరేనంటేనే తమ్ముడు దిగాలి. దిగేముందు ఫోను గట్టు మీది రేకు డబ్బాలో పెట్టేయాలి. అప్పటికే రెండు ఫోన్లు నీళ్లపాలయ్యాయి. ఇక మూడో మెట్టు మీద ఆగి కెమెరా వైపు చెయ్యి ఊపడం పద్ధతిలో లేదు, వాడు సొంతంగా కలుపుకున్నది. మలుపు తిరిగితే కెమెరాకి కనపడడు కదా, ఆఖరి చూపన్నమాట.

"మీ తమ్ముడు సినిమా హీరో అనుకుంటున్నాడే!" అని బాబాయ్ నవ్వేవాడు.

గోడ మీద కాలవ రెండు రకాలుగా కనపడుతుంది. ఒకటి, నీటిమట్టం కొలిచే యంత్రం పంపే అంకె. రెండు, కెమెరా పంపే వీడియో. యంత్రానికి నాచు చుట్టుకున్నప్పుడల్లా అంకె ఉన్నట్టుండి ఎగబాకేది. దాన్ని నమ్మి బాబాయ్ రెండుసార్లు సైరన్ మోగించి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. ఆయన చిన్నబోవడం చూడలేక బొమ్మలక్కే ఒక కాగితం మీద రాసి గోడ కింద అంటించింది: "అంకెకీ బొమ్మకీ పడకపోతే బొమ్మనే నమ్మండి."

గుండ్రటి, ముచ్చటైన చేతిరాత ఆమెది.

ఆ సోమవారం పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారు. ముందు వారమే పాత కెమెరా తీసి కొత్తది బిగించారు. దాని లైవ్ లింకు ఇంకా రాలేదు. గోడ మధ్యలో వీడియో ఉండాల్సిన చోట నల్లటి గడి.

"ఏంటమ్మా ఇది, గోడకి కన్ను పొడిచినట్టు?" అన్నాడు ఇంజనీరు. "గంటలో వస్తారు. ఏదో ఒకటి పెట్టు."

కొత్త కెమెరా బిగించిన రోజు పరీక్షకని తీసిన చిన్న ముక్క ఆమె దగ్గర ఉంది. మబ్బు పట్టిన పొద్దు. ఎవరి నీడా లేదు. తేటగా నీళ్లు, మూడో గీత దగ్గర. కొలతరాయి మీద ఒక తెల్లకొంగ. ఒక కాలు ఎత్తుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతుంది, ఎగిరిపోతుంది. నలభై సెకన్లు.

వీడియో గడి అమరికలు తెరిచింది. ఎక్కడి నుంచి రావాలి అన్న చోట ఆ ముక్క చిరునామా పెట్టింది. దానంతట అదే మొదలవ్వాలా? అవును. అయిపోగానే మళ్లీ మొదటికి రావాలా? అవును. శబ్దం వద్దు. కింద పరిగెత్తే సమయం పట్టీ, ఆపే మీట? దాచెయ్. ఒక్కొక్క టిక్కూ పడుతుంటే, ఎక్కడో ఖాళీ ఇంట్లో ఒక్కొక్క తలుపుకీ గడియ పడుతున్నట్టు అనిపించింది ఆమెకు. పని ఒత్తిడి అనుకుంది.

పెద్దవాళ్లు వచ్చారు. "ఎంత తేటగా ఉందో!" అన్నారు. కొంగ నాలుగుసార్లు ఎగిరింది. ఎవరూ లెక్కపెట్టలేదు.

మంగళవారం లైవ్ లింకు వచ్చింది. ఆమె వెంటనే ముక్కను తీసేసి దాని స్థానంలో లింకు పెట్టింది. తన కంప్యూటర్‌లో అసలు కాలవ కదిలింది. సేవ్ నొక్కింది. ఆ పక్కనే పబ్లిష్ అని ఇంకో మీట ఉంటుంది. సేవ్ అంటే ఆమె గదిలో మారినట్టు. పబ్లిష్ అంటే కింద గోడ మీద మారినట్టు. పన్నెండేళ్లుగా ఆమె వేలు ఒకదాని వెంట ఒకటి రెండూ నొక్కుతూనే ఉంది. ఆ రోజు మొదటిదాని మీంచి లేచిన వేలు రెండోదాని మీద వాలకముందే ఫోను మోగింది.

"అక్కా, ఇంటి తాళంచెవి నువ్వు పట్టుకెళ్లావా, నేను మింగేశానా?"

"మింగేసే ఉంటావు. పొద్దున పెట్టింది నీకు ఏ మూలకి?"

"అయితే గుమ్మంలో కూర్చుని అరిగేదాకా చూడమంటావా?"

"సంచిలో ఉంది, వచ్చి తీసుకో. ఎదవ వేషాలు నువ్వూనూ!"

నవ్వుతూ ఫోను పెట్టింది. తెర మీద అసలు నీళ్లే పారుతున్నాయి. పని అయిపోయిందనుకుని ఆ కిటికీ మూసేసింది.

కింద గోడ మీద కొంగ ఎగురుతూనే ఉంది. బాబాయ్ ఆ గడి వైపు ఎప్పుడో ఒకసారి చూస్తాడు, కాలవ అన్నాక కొంగ ఉంటుంది అనుకుంటాడు. సాయంత్రం పంపులు ఆపి గోడను ఆర్పేసేవాళ్లు కాబట్టి చీకట్లో పగలు కనపడే ప్రమాదం కూడా లేకపోయింది. బుధవారం మబ్బు. కాలవ నిమ్మళంగానే ఉంది, మూడో గీత దగ్గరే. నిజమూ అబద్ధమూ ఒకే రంగు బట్టలు కట్టుకున్న రోజు.

గురువారం పొద్దున తమ్ముడు అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"ఊచల్లోకి దిగేవాడికి పాపిడి ఎందుకురా?"

"కెమెరా కొత్తది కదక్కా. ప్రతి వెంట్రుకా కనపడుతుందట." బూట్లు తొడుక్కుంటూ అన్నాడు, "నీ గోడ దిగమంటే దిగుతా. వద్దంటే ఇంటికొచ్చి నీ వంట తింటా. రెంట్లో ఏది ప్రమాదమో ఆలోచించుకోవాలి."

"నోర్ముయ్" అంది. వాడు వెళ్లాక చూస్తే ఆకాశం ఒక వైపే నల్లగా ఉంది, నది వచ్చే వైపు.

పదిన్నరకు తన గదిలో కంప్యూటర్ తెరిచింది. కాలవ ఎర్రబారింది. నీళ్లు నాలుగో గీత దాటి, నురుగూ ఎండుటాకులూ మోసుకొస్తున్నాయి. పైన గట్టి వానే. ఇవాళ బాబాయ్ దిగనివ్వడులే అనుకుంది. ఒక్క క్షణం కూడా భయపడలేదు. తనకు కనపడేది ఆయనకూ కనపడుతుంది కదా. ఇంతలో ఇంజనీరు పిలిచాడు. గోడ మీద ఆకుపచ్చ గీతలు నీలంగా ఉంటే బాగుంటుందట. నీలమా, ఏ నీలం, లేతదా ముదురుదా అని అరగంట పట్టింది.

తిరిగి వస్తూ కంట్రోల్ రూమ్‌లోకి తొంగిచూసింది.

"రామ్మా, వేడిగా టీ ఉంది" అన్నాడు బాబాయ్.

ఆమె గోడ వైపు చూసింది. తేటగా ఉన్నాయి నీళ్లు. మూడో గీత. కళ్లు నులుముకుంది.

"నీళ్లు అప్పుడే తేరుకున్నాయా బాబాయ్?"

"చెడితే కదా తేరుకోడానికి? పొద్దుట్నించీ ఇంతే. ఆ అంకె ఒక్కటే దయ్యం పట్టినట్టు ఎగబాకుతోంది. మళ్లీ నాచు చుట్టుకున్నట్టుంది. చూశావా, నేనేమీ కంగారు పడలేదు. నువ్వే రాశావుగా, బొమ్మనే నమ్మమని." గ్లాసు అందిస్తూ అన్నాడు, "మీ వాడికే ఇవాళ పొగరెక్కింది. దిగుతున్నా బాబాయ్ అన్నాడు, ఫోను పెట్టేశాడు. చెయ్యి కూడా ఊపలేదు."

గోడ మీద కొంగ ఒక కాలు ఎత్తింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. ఎగిరిపోయింది. ఖాళీ రాయి. రెప్ప వేసేలోగా రాయి మీద మళ్లీ కొంగ.

ఆమె మణికట్టు మీద ఎవరిదో వేలు, వేడిగా.

"ఊపాడు బాబాయ్" అంది. "ఊపే ఉంటాడు. మనకే కనపడలేదు. ఇది పోయిన వారం కాలవ."

బాబాయ్‌కి అర్థం కాలేదు. గ్లాసు కిందపడ్డది మాత్రం అర్థమైంది. చొక్కా జేబులోంచి సైరన్ తాళం తీశాడు. దాన్ని రంధ్రంలో పెట్టి తిప్పాడు. ఆమె ఆయన చేతిని మీట మీద పెట్టి నొక్కింది. "తియ్యకు. ఎవరేమన్నా తియ్యకు" అని చెప్పి పరిగెత్తింది.

వరండా, మెట్లు, గేటు, గట్టు. ఎన్నడూ లేనిది ఆ దారి ఒక దారంలా సాగింది. సైరన్ ఊళతో ఆకాశం నిండిపోయింది. అయినా దాని కింద నీళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది, దుప్పటి దులిపినట్టు కాదు, చింపుతున్నట్టు. మూడో మెట్టు లేదు. కొలతరాయి నెత్తి మీద ఆఖరి రెండు గీతలే మిగిలాయి. రేకు డబ్బాలో వాడి ఫోను, మూత కింద బుద్ధిగా.

"చిన్నోడా!"

మలుపులో ఊచలకు కొట్టి వెనక్కి తన్నే నీళ్లతో ముందుగా దంతె కర్ర వచ్చింది, ఒక్కటే, నీళ్లమీద మెల్లగా సుడి తిరుగుతూ. కాపలా మనిషి తాడు చుట్ట భుజాన వేసుకుని ఆమెను దాటుకుంటూ పరిగెత్తాడు. "ఉన్నాడు! ఊచల్ని పట్టుకుని ఉన్నాడు!" అన్న అరుపు విన్నాక కూడా, ఎవరి గురించి అంటున్నాడో ఆమెకు కాసేపు తెలియలేదు.

వాణ్ణి లాగేసరికి నీళ్లు గొంతు దాకా వచ్చాయి. ఒక కాలికే బూటు ఉంది. అరచేతుల్లో ఊచల అచ్చులు, ఎర్రగా. గట్టు మీద దుప్పటి కప్పితే వణుకుతూ ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. వాడికి అసలు అర్థం కాని సంగతి ఏదో ఉంది ఆ చూపులో.

"నీళ్లు కాస్త ఎర్రగానే ఉన్నాయి. బాబాయ్ సరే అన్నాడు కదాని..." పళ్లు కొట్టుకుంటున్నాయి. "చెయ్యి ఊపానక్కా. నవ్వాను కూడా."

ఆమె వాడి తల మీద చెయ్యి వేయబోయి, వేయలేక, లేచి స్టేషన్ వైపు నడిచింది.

పై గదిలో కుర్చీలో కూర్చోకుండానే కంప్యూటర్ తెరిచి, పబ్లిష్ నొక్కింది. ఒక్క నొక్కు. అది కింద గోడ దాకా చేరడానికి రెండు నిమిషాలు పడుతుంది. తరవాత కిందికి దిగింది. బాబాయ్ చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. సైరన్ ఆగాక వచ్చిన నిశ్శబ్దం గదిలో నాలుగో మనిషిలా నిలబడింది. మూడో మనిషి గోడ.

గోడ మీద కొంగ ఒక కాలు ఎత్తింది. ఈసారి ఎగరలేదు. తెర ఒక్కసారి రెప్ప వేసింది. మరుక్షణం గోడంతా బురద. రాయి లేదు, గీతలు లేవు. పై మెట్టు మీద దుప్పటి కప్పుకుని తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కొత్త కెమెరా కదా, తడిసిన పాపిడి కూడా కనపడుతోంది, వెనక నుంచి.

వాడు కెమెరాకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె గోడ కింది కాగితాన్ని చింపడానికి చెయ్యి చాచింది. చాలా కాలంగా అంటుకుపోయి ఉంది. అక్షరాలు సగం చేతికి వచ్చాయి, సగం గోడకే ఉండిపోయాయి.