వెనక చక్రం, కుడి చెయ్యి

మా ఆయన ఆదోనిలో పాతికేళ్లు బండ్ల మెకానిక్కు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన మూడో నెలలో మా మోపెడ్ వెనక చక్రం గుయ్యిమని మూలగడం మొదలుపెట్టింది. బేరింగులు పోయాయని నాక్కూడా తెలిసిపోయింది. పాతికేళ్లు ఆ మూలుగుల మధ్యే కాపురం చేసినదాన్ని మరి.

ప్రతి గురువారం ఆ బండి మీదే ఆయన్ని ఎమ్మిగనూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఆదోనిలో డాక్టర్లు లేక కాదు. ఆదోనిలో ఈయన్ని ఎరగనివాళ్లు లేరు, వేలాడే చెయ్యి వాళ్ల కంట పడకూడదు. బస్సు వద్దు, కండక్టరు రెక్క పట్టుకుని ఎక్కిస్తాడట. పోనీ బండిని వేరే షాపులో ఇద్దామంటే అదీ వద్దు. ఆయన బండి మీద ఇంకో మెకానిక్కు చెయ్యి పడకూడదు. రోషానికేం తక్కువ లేదు. అందుకని బుధవారం మధ్యాహ్నం నేనే స్పానర్లు పట్టుకున్నాను.

కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకేదీ వచ్చేది కాదు, కోపం గానీ ఏడుపు గానీ. పొద్దున లేచి వండి, ఆయనకు తినిపించి, మూతి తుడిచి, మళ్లీ వండేదాన్ని. చుట్టాలు వచ్చి నా ముందు ఏడుస్తుంటే టీ పెట్టి ఇచ్చేదాన్ని. గుండె రాయి చేసుకుందని మెచ్చుకున్నారు. నేనేమీ చేసుకోలేదు, దానంతటదే అయింది. ఒక్క ఆశ మాత్రం ఉండేది. డాక్టరు ప్రతివారం ఈయన్ని కళ్లు మూసుకోమని, దూదితో కుడిచేతి వేళ్లు తాకి, "తెలుస్తోందా?" అని అడుగుతాడు. నాలుగు వారాలుగా ఈయన "తెలుస్తాంది సార్" అంటున్నాడు. స్పర్శ వస్తే పని కూడా మెల్లగా వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకునే రోజులు నెట్టుకొస్తున్నాను.

వాకిట్లో కుర్చీలో కూర్చుని ఆయన చెప్తుంటే నేను చేశాను. "నట్టు ఇప్పు. ఇరుసు లాగు. సైను పక్కకు తియ్ మే, యేళ్లు నలుగుతాయి." చైను తప్పించాను, చక్రం బయటికొచ్చింది. రెండు బేరింగుల మధ్యలో చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని పక్కకు నెట్టి, లోపల్నుంచి ఇనుప కడ్డీ ఆనించి సుత్తితో కొట్టాలి. ఒకేచోట కొడితే బేరింగు అడ్డంగా ఇరుక్కుంటుంది. ఇటొక దెబ్బ, అటొక దెబ్బ అని ఆయన చెప్తూనే ఉన్నాడు. ఒక దెబ్బ నా బొటనవేలి మీద పడింది.

"నొచ్చిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను. నిజంగానే పెద్దగా తెలియలేదు.

బేరింగు ఊడి బండల మీద పడింది. పెట్రోలుతో కడిగాను. "ఈడ ఇయ్యి" అన్నాడు.

బేరింగును వేలికి ఉంగరంలా తొడిగి, కళ్లు మూసుకుని తిప్పి చూడటం ఆయన పద్ధతి. లోపల ఇసుక రేణువంత గరుకున్నా ఆ వేలికి తెలిసిపోయేది. షాపులో ఆయన కళ్లు తెరిచేదాకా బండివాళ్లు నోరు మెదపకుండా నిలబడేవాళ్లు. ఆ రోజూ అలాగే, ఎడమ చేత్తో కుడి చిటికెన వేలికి తొడుక్కుని, కళ్లు మూసుకుని తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"బాగుండాది మే. అదే యెయ్యి" అన్నాడు.

నేను తీసుకుని తిప్పాను. అన్నంలో రాయి తగిలినట్టు కరకరమంది. అయినా బేరింగు విషయంలో నీది తప్పు అని ఆయనతో అనడం నావల్ల కాలేదు. రెండోది కూడా ఊడదీసి, ఆయనకు కనపడకుండా వీపు అడ్డం పెట్టి, స్పేరు పార్టుల షాపు నుంచి ముందే తెప్పించి ఉంచిన కొత్త బేరింగును గూట్లో ఉంచి, దానిమీద పాతదాన్ని ఆనించి కొట్టి దించాను. గొట్టం మరవకుండా లోపల వేసి, రెండోవైపు కూడా అంతే. పాతవి కొంగులో మూటగట్టి తీసుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచాను.

గురువారం పొద్దున బయల్దేరాం. చక్రం చప్పుడు లేదు. ఆయన ఎడమ చెయ్యి నా భుజం మీద ఉంది. సగం దారి పోయాక చెవి దగ్గర అన్నాడు:

"కొత్తవే యేసినావు."

"ఊ."

"మంచి పని సేసినావు. పాతవి పోయినాయని నాకు తెల్దా? సప్పుడింటే సాలదా?"

"మరి బాగుండాదని ఎందుకంటివి?"

"నేను సూసింది బేరింగును కాదు మే. యేలును."

బండి ఆపలేదు. ఎడమ వేలికి తొడుక్కుని ఉంటే బేరింగు సంగతి క్షణంలో తెలిసేది. ఆ చేతికేం కాలేదు కదా. ఆయన కావాలనే కుడిదానికి తొడుక్కున్నాడు. ఏమైనా తెలిసిందా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అలాగే ఎమ్మిగనూరు చేరాం.

డాక్టరు కళ్లు మూసుకోమన్నాడు. దూదితో చిటికెన వేలు తాకి, "తెలుస్తోందా?" అన్నాడు. ఈయన కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"లేదు సార్. ఎప్పుడూ తెల్లేదు. ఈమె కోసరం అట్ల అంటాంటి."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. మూడు నెలల ఏడుపంతా ఆ చిన్న గదిలో, డాక్టరు ముందే ఏడ్చాను. ముందురోజు చితికిన బొటనవేలు కూడా అప్పుడే సలపడం మొదలుపెట్టింది.