తమ్ముడి బదులు నేను చెప్పిన జవాబు

తమ్ముడికి నడుము నొప్పి ఉందని ఎముక విరగడానికి ఏడాది ముందే నాకు తెలుసు. డాక్టరుకు చెప్పలేదు. గరిటెల బస్తా ఎత్తబోయి ఎముక విరిగిందని ఇంట్లోవాళ్ళను నమ్మించాను. నిజానికి ఆ బస్తాలో బరువే లేదు.

వాడు ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాడు. స్నానం చేసే ఆడవాళ్ళను చాటుగా చూడకుండా ఉండలేని జబ్బు వాడిది. రెండుసార్లు పట్టుబడ్డాడు. రెండోసారి ఆ ఇంటామె భయపడి పుట్టింటికి వెళ్ళిపోయిందని తెలిసి, "నన్నెవరికన్నా చూపియ్యన్నా" అని ఏడ్చాడు. నెల్లూరులో మానసిక వైద్యుడు మగ హార్మోను తగ్గించే ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఎముకలు పలచబడొచ్చు, ఏటా పరీక్ష చేయించాలి, నొప్పి వస్తే వెంటనే చెప్పాలి అన్నాడు.

మందు పనిచేసింది. "గోడల దిక్కు కాళ్ళు పోవడంల్యా అన్నా" అన్నాడు తమ్ముడు. కానీ ఒళ్ళు మారిపోయింది. ఉదయగిరి నుంచి వచ్చే నెల్లూరు బస్సు నేనుండే ఆత్మకూరులో ఎక్కేసరికి, వాడు చలికాలంలో కూడా కిటికీ తెరుచుకుని చెమటలు తుడుచుకుంటూ ఉండేవాడు. రొమ్ములు పెరిగాయి. ఎండల్లోనూ తువ్వాలు కప్పుకునేవాడు.

"ఏందిరా, కొత్త పెళ్ళికూతురి మాదిరి పైట జారనియ్యవు!" అని తోటి పనివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. వాడూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

మా ఇంట్లో డాక్టరు ముందు పెద్దవాడే మాట్లాడాలి. "నొప్పులేమన్నా ఉన్నాయా?" అని అడిగితే నేనే అందుకునేవాణ్ణి.

"ఏంల్యావు సార్. బాగుండాడు."

వాడు నా మొహం చూసి తల దించుకునేవాడు. నొప్పంటే ఇంజెక్షను ఆపేస్తారని, మళ్ళీ మా వాకిట్లో జనం గుమిగూడతారని నా భయం. పరీక్ష కూడా వచ్చేసారి, వచ్చేసారి అంటూ దాటేశాను.

ఇప్పుడు వాడు పట్టుమని పది నిమిషాలు పీట మీద కూర్చోలేడు. ఉలి పట్టి నెలలైంది.

ఎముక విరిగాక తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరు, "ముందే చెప్పుంటే మందు మార్చేవాణ్ణి కదయ్యా! ఇన్నాళ్ళూ నొప్పే తెలియలేదా?" అన్నాడు.

ఆ రోజు నేను నోరు తెరిచేలోపు తమ్ముడే జవాబు చెప్పాడు. "నాకే తెలీలేదు సార్."

నన్ను కాపాడుతున్నాడు.

"కాదు సార్. వీడు నాకు చెప్పినాడు. నేనే దాచినాను" అన్నాను. వాడి నడుము పట్టీ మీద చెయ్యి వేసి, ఆ డాక్టరు ముందే అన్నాను.

"నీ నొప్పికన్నా నా పరువే ఎక్కువనుకున్నాను రా. తప్పు చేసినాను. నన్ను క్షమించు."